మధ్యాహ్నం లేచే బొబ్బ

తొమ్మిదో భాగం

సంచి బల్ల మీద పెట్టి మేస్త్రి రెండడుగులు వెనక్కి వేశాడు. పోయినవారం అక్కడ ఆగాం. ఆ సంచి ఎవరిదో, అది మేస్త్రి ఇంట్లో అటక మీద పదకొండేళ్ళు ఎందుకు ఉందో ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి తెలియదు. వాళ్ళకోసం రెండు ముక్కలు చెప్తాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ఇసుక గాలి తప్ప మరో గాలి ఎరగని ఊరది. ఆ ఎండలో ఇళ్ళ ముందూ కొట్ల ముందూ తారు వేసి, పగుళ్ళు పూడ్చి బతికే ముఠాకి మన మేస్త్రి పెద్ద. పదకొండేళ్ళ కిందట నాలుగు ఫ్లాట్ల బ్లాకుల మధ్య కార్లు నిలిపే ఆవరణకి తారు వేశాడు. మర్నాడే ప్రారంభం, కాబట్టి ఒక్కరోజులో అయిపోవాలన్నారు. ఆరోజు నీళ్ళ వాల్వు తిప్పి కట్టేయడానికి గోతిలోకి దిగిన పైపుల మనిషి మళ్ళీ ఇంటికి చేరలేదు. ఎటో వెళ్ళిపోయి ఉంటాడన్నారు అందరూ. మూడోరోజు అతని పనిముట్ల సంచి మేస్త్రి లారీలో నీళ్ళ డబ్బాల వెనక దొరికింది. మేస్త్రి దాన్ని ఎవరికీ చూపించలేదు. ఇన్నేళ్ళకి అదే ఆవరణలో తారు బొబ్బెక్కిందని, వచ్చి బాగుచేయమని పిలుపొచ్చింది. వచ్చాక తెలిసింది, గేటు గదిలో కూర్చుని కాపలా కాసే ఆవిడ ఆ పైపుల మనిషి భార్యేనని. నాలుగు రోజులు తిండి సయించలేదు. అయిదోరోజు తెల్లారగానే అటకెక్కి సంచి దించాడు.

ఆవిడ సంచిని వెంటనే ముట్టుకోలేదు. కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చుంది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంది, అవి పొడిగానే ఉన్నా.

"జిప్పు తుప్పు పట్టింది," అంది చివరికి.

"అవునమ్మా. నూనె వేశాను, కదల్లేదు."

ఆవిడే లాగింది. సగం వచ్చి ఆగిపోతే ఆ సందులోంచి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పేర్చింది. పైపు పానా, దారం ఉండ, విరిగిన రంపం బ్లేడు రెండు ముక్కలు, మడతపెట్టిన తువ్వాలు. ఆఖరున ఒక స్టీలు డబ్బా వచ్చింది. మూత మీద మేకుతో గీసిన గీత ఉంది, పనివాళ్ళ డబ్బాలు కలిసిపోకుండా పెట్టుకునే గుర్తు. ఆ గీత మీద బొటనవేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయింది.

"ఇది నేనే గీశాను," అంది. తరవాత మూత తీసింది. లోపల అద్దంలా మెరుస్తోంది.

"తిన్నాడా?"

అడగదనుకున్న ప్రశ్నే ముందు అడిగింది. అబద్ధం చెప్పడానికి ఎంత వీలుందో మేస్త్రికి తెలుసు. తిన్నాడమ్మా అంటే సరిపోయేది, డబ్బా ఖాళీగానే ఉంది కదా.

"లేదమ్మా. దొరికినప్పుడు నిండుగా ఉంది. మా ఆవిడ చూడకుండా నేనే పారబోసి కడిగాను."

"మీరు తారు పోసింది ఎన్నింటికి?"

"పదకొండు అయ్యుంటుంది."

"ఆయన పన్నెండున్నరకి తినేవాడు," అని ఆవిడ డబ్బా మూత పెట్టేసింది. గట్టిగా నొక్కి పెట్టింది.

మేస్త్రి మొదలుపెట్టాడు. నాలుగు రోజులుగా లోపల్లోపల అప్పజెప్పుకున్నదంతా వరస తప్పి బయటపడింది. సంచి మొదటి బ్లాకు ఎదురుగా ఉన్న గోతి పక్కన ఉండటం తన కళ్ళారా చూశాడు. వాల్వు గోతుల మూతలు మూసెయ్యమని పురమాయించి తారు మాలు లారీవాడితో గొడవకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గోయి మూసి, మూత మీద మందపాటి కాగితం పరిచి, ఇసుక చల్లి ఉంది. సంచి లేదు. పనైపోయి వెళ్ళిపోయాడనుకున్నాడు. ప్రతి మూతకీ ఎదురుగా గట్టురాయి మీద ఎర్ర రంగుతో గీత పెట్టడం అతని అలవాటు. తారు పరిచాక మూత ఎక్కడుందో చెప్పేది ఆ గీత ఒక్కటే. గీత లేని మూత తారు కింద పోయినట్టే లెక్క. ఆరోజు హడావిడిలో రెండు మూతలకి గీత పెట్టలేదు.

"అంటే నా మొగుడు కింద ఉండగా మీరు పైన తారు పోశారు," అంది ఆవిడ.

"అదే తెలీదమ్మా నాకు. తెలిస్తే ఏదో ఒకటి, జైలుకైనా పోయేవాణ్ణి. తెలీకే చస్తున్నాను పదకొండేళ్ళనుంచీ. ఏ ఇంటి ముందు పని చేసినా మూత కనబడితే ముందు కూర్చుని లోపలికి కేకేస్తాను. మా కుర్రాళ్ళు నాకు మతి చెడిందంటారు."

"అప్పుడు వెయ్యాల్సింది ఆ కేక."

మేస్త్రి తలొంచుకు నిలబడ్డాడు. ఆవిడ తిట్టి ఉంటే, చెప్పు తీసి కొట్టి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది.

"పోలీసుల్ని పిలవమంటారా?" అన్నాడు.

"పదకొండేళ్ళ కిందట వాళ్ళ చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. ఇంట్లో పోట్లాడుకున్నారా అని అడిగారు. అవునన్నాను, ఏ ఇంట్లో పోట్లాడుకోరు? అయితే కోపం చల్లారాక వస్తాడులే అని పంపేశారు. ముందు నా కళ్ళతో నేను చూడాలి. తరవాత మీ ఇష్టమొచ్చినవాళ్ళని పిలవండి." ఆవిడ లేచింది. "తవ్వండి."

మొదటి బ్లాకు ఎదురుగా, ఆ గోయి ఉన్నచోటే లేచిన బొబ్బ దగ్గరకి ఇద్దరూ నడిచారు. పొద్దున్నపూట అది బొబ్బలా ఉండదు. ఎండకి తెల్లబారిన తారు మీద కొంచెం ముడతపడ్డ చోటు, అంతే. దాని చుట్టూ సుద్దముక్కతో గీసిన గుండ్రాలున్నాయి, ఒకదాని చుట్టూ ఒకటి, ఏడో ఎనిమిదో. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఆవిడ గొడుగు వేసుకొచ్చి బొబ్బ ఎంతవరకు లేచిందో అంతవరకు గీస్తుందట. ఫ్లాట్లవాళ్ళు ఎవరూ అక్కడ కారు పెట్టరు. పిల్లలు దానికి పేరు కూడా పెట్టారు, ఊపిరి బొబ్బ అని.

ఎందుకు లేస్తుందో మేస్త్రికి తెలుసు. కింద తడి ఉంది. ఎండకి ఆ తడి ఆవిరవుతుంది, పైన తారు మెత్తబడి ఉంటుంది, ఆవిరి దాన్ని పైకి తోస్తుంది. సాయంత్రం చల్లబడితే మళ్ళీ కూర్చుంటుంది. ఏ ముఠా మేస్త్రిని అడిగినా ఇదే చెప్తాడు. తెలియడం వేరు, ఒంటిగంటకి దాని పక్కన నిలబడి అది మెల్లిమెల్లిగా పైకి లేవడం చూడటం వేరు. మొన్న మేస్త్రి చూశాడు. చూసి వెనక్కి చూడకుండా వెళ్ళి లారీ ఎక్కి కూర్చున్నాడు.

"నేను దీని మీద చెవి పెట్టి వినేదాన్ని," అంది ఆవిడ. "చెవి కాలి పొక్కింది ఒకసారి. ఫ్లాట్లవాళ్ళు చూస్తే పనిలోంచి తీసేస్తారని మానేశాను."

"ఏమన్నా వినపడిందా అమ్మా?"

"ఆయన గొంతు వినపడిందంటే మీరు నమ్ముతారా?"

నమ్ముతానని మేస్త్రి అనలేదు. నమ్మనని అనడానికి ధైర్యం చాలలేదు.

కోత రంపం లారీలోంచి దించింది మేస్త్రి బావమరిది. ముప్పై అయిదేళ్ళవాడు. రోడ్డు రోలరు నడుపుతాడు కాబట్టి ఊరందరికీ వాడు రోలరే, కన్న తల్లి కూడా అలాగే పిలిచేది. పెళ్ళైన కొత్తలో భార్య తమ్ముడు చిన్నవాడని ఇంట్లో పెట్టుకుని పెంచాడు మేస్త్రి. చదువు ఎక్కలేదు, పని మాత్రం చిటికెలో పట్టుకున్నాడు. నోట్లో నాలుక ఉన్నవాడు, ముఠాలో నవ్వులన్నీ వాడివే. ఆ పొద్దున మాత్రం వాడి నోరు పెగల్లేదు. రంపానికి నీళ్ళ గొట్టం తగిలించి, పెట్రోలు చూసి, వెళ్ళి లారీ నీడలో నిలబడ్డాడు.

"రారా, పట్టు," అన్నాడు మేస్త్రి.

"నువ్వు కొయ్యి బావా. నాకు చెయ్యి నొప్పి."

రంపం మొదలవగానే మూడో అంతస్తు నుంచి ఫ్లాట్ల సంఘం సెక్రటరీ బనీనుతో దిగొచ్చాడు. చేతిలో పళ్ళు తోముకునే బ్రష్షు.

"ఏడు కూడా కాలేదు, ఏంటయ్యా ఈ గోల?"

"ఎండెక్కితే తారు మెత్తబడుతుంది సార్. రంపం పళ్ళకి అతుక్కుంటుంది. ఇప్పుడే కొయ్యాలి."

"కొయ్యి, కొయ్యి. ఎలాగూ కోస్తున్నావు కదా, అటుపక్క నా కారు చోటు దగ్గర కూడా నాలుగు పగుళ్ళున్నాయి. ఆ చేత్తోనే అవి కూడా పూడ్చేసెయ్. పైన నల్లపూత వేస్తే కొత్తదానిలా ఉంటుంది." ఆవిడ వంక చూశాడు. "నువ్వేంటమ్మా ఇక్కడ? గేటు ఎవరు చూస్తున్నారు?"

"గేటు ఎక్కడికీ పోదు సార్," అంది ఆవిడ. సెక్రటరీ ఆ మొహం చూసి ఇంకేమీ అనలేక బ్రష్షు నోట్లో పెట్టుకుని మెట్లెక్కాడు.

రెండు అంగుళాల మందం తారు. చుట్టూ కోసి, గునపం పెట్టి లేపితే పలకలుగా ఊడొచ్చింది. కింద కాగితం మెత్తగా చివికిపోయింది. కాగితం కింద ఇసుక, ఇసుక కింద ఇనుప మూత. గునపం మొన మూత చెవిలో పడలేదు మూడుసార్లు. నాలుగోసారి పడింది. మూత లేచేసరికి లోపలనుంచి వెచ్చటి చెమ్మ గాలి మొహానికి కొట్టింది. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది.

టార్చి వేస్తే ముందు నీళ్ళ మెరుపు కనబడింది. వాల్వు, తుప్పు పట్టిన పైపు, ఇనుప మెట్లు. ఇంకేం లేదు. మేస్త్రి నమ్మలేక తనే దిగాడు. నిలువున్నర లోతు గోయి. అడుగున మోకాలి కిందవరకు తడి ఇసుక. మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో ఆ ఇసుకంతా ఒక మూలనుంచి ఇంకో మూలకి దేవాడు. రాయి తగిలింది, చెక్కముక్క తగిలింది. వాల్వు నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు కారుతున్నాయి. ఆ కారే నీళ్ళే ఇన్నాళ్ళూ బొబ్బ లేపినవి. మనిషి లేడు. మనిషి ఉన్న జాడ కూడా లేదు.

పైకొచ్చి మేస్త్రి అక్కడే తారు మీద కూలబడ్డాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చేతుల నిండా బురద, ఆ బురద చేతులతోనే మొహం తుడుచుకున్నాడు. తన వల్ల ఎవరూ చావలేదు. ఆ ఒక్క మాట కోసం పదకొండేళ్ళు ఎదురు చూశాడు. ఇంటికెళ్ళి భార్యతో చెప్పాలనిపించింది. కడుపునిండా తినాలనిపించింది.

"లేడమ్మా," అన్నాడు. "చూడు, నువ్వే చూడు. ఎవరూ లేరు. నేనేం చెయ్యలేదు."

ఆవిడ వంగి చూసింది. చాలాసేపు చూసింది. నిటారుగా లేచాక ఆవిడ మొహం చూసి మేస్త్రి ఏడుపు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ మొహంలో ఏదో ఒక పట్టుదల ఉండేది, అది ఇప్పుడు లేదు.

"అయితే ఆయన నన్ను వదిలేసే వెళ్ళాడన్నమాట," అంది.

"అమ్మా..."

"మా అత్తగారు అదే అనేది. నీ నోటికి జడిసి పారిపోయాడు నా కొడుకు అని. చచ్చేదాకా అంది. మా అన్నదమ్ములు ఇంకెవత్తెనో కట్టుకుని ఉంటాడన్నారు. అందరితో పోట్లాడాను నేను. నా మొగుడు అలాంటివాడు కాదు, ఏదో అయింది, వస్తే ఇక్కడికే వస్తాడని ఈ గేటు దగ్గర కూర్చున్నాను తొమ్మిదేళ్ళు. ఆరోజు పొద్దున ఒక మాటన్నాను మేస్త్రి గారూ. సాయంత్రం ఇంటికి రాకపోయినా ఫరవాలేదు అన్నాను. ఏదో కోపంలో అంటాం కదా. నిజంగానే రాలేదు."

మేస్త్రికి తన సంబరం తనకే సిగ్గనిపించింది. మొగుడు చచ్చిపోయి ఉంటే బాగుండేదని ఒక ఆడది ఏడవడం అతను ఎన్నడూ చూడలేదు. ఆవిడ శబ్దం లేకుండా ఏడుస్తోంది.

అప్పుడు లారీ నీడలోంచి రోలరు నడిచొచ్చాడు. వచ్చి ఆవిడకి నాలుగడుగుల దూరంలో ఆగాడు. వాడి పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఆయన మిమ్మల్ని వదిలేసి వెళ్ళలేదక్కా."

"నీకేం తెలుసురా?" అన్నాడు మేస్త్రి.

"ఇది కాదు బావా. సంచి ఉన్నది ఇక్కడ. ఆయన ఉన్నది వేరే గోతిలో."

మేస్త్రి లేచాడు. లేవడం తనకి తెలియలేదు.

"ఈ వాల్వు బిగుసుకుపోయిందని, వెనక గోడ దగ్గర ఇంకోటి కట్టేస్తానని పోయాడాయన. పోతూ నా దగ్గర తుప్పుకి డీజిలు అడిగి చిన్న డబ్బాలో పట్టుకెళ్ళాడు. నువ్వు లారీవాడితో అరుస్తున్నావు. రెండు మూతలూ మూసెయ్యమన్నావు. ఇక్కడ లోపలికి చూశాను, ఎవరూ లేరు, మూశాను. సంచి అడ్డమని లారీలో పడేశాను, తరవాత ఇద్దామని. అక్కడికి వెళ్తే..." వాడు వెనక గోడ వైపు చూశాడు. "అక్కడ మూత సగం మూసే ఉంది బావా. లోపల ఎండ పడుతోందని ఆయనే నీడకి లాక్కున్నట్టున్నాడు. అప్పుడు నాకు తట్టలేదు. ఎవరో మూస్తూ వదిలేశారనుకున్నా. కాలితో తోసేశాను. కాగితం వేసి ఇసుక చల్లాను."

"డీజిలు ఇచ్చిన సంగతి?" అన్నాడు మేస్త్రి.

"మర్చిపోయాను. నిజంగా మర్చిపోయాను. అందరూ తొందర తొందర అంటున్నారు."

ఆవిడ ఏడుపు ఆపేసింది. వాడి నోరే చూస్తోంది.

"మరి ఎప్పుడు గుర్తొచ్చింది?" అంది.

రోలరు మేస్త్రి వంక చూశాడు. చెప్పమంటావా అన్నట్టు చూశాడు, చిన్నప్పుడు ఏదైనా పగలగొట్టి వచ్చి చూసినట్టే. మేస్త్రి తల ఊపలేదు.

"ఆరోజు ఎండకి మాలు గట్టిపడలేదక్కా. చల్లటి ఊళ్ళలో వెంటనే తొక్కాలి, ఇక్కడ అలా కాదు, మెత్తగా ఉన్నప్పుడు ఎక్కితే రోలరు దిగబడుతుంది. అందుకని ఇంజను ఆపి గంటసేపు కూర్చున్నాను, వెనక గోడ దగ్గరే. అందరూ తినడానికి పోయారు. చప్పుడు లేదు ఎక్కడా. అప్పుడు వినపడింది."

"ఏం వినపడింది?"

"ఇనుము మీద కొట్టినట్టు. కాసేపు కొట్టి ఆగింది. మళ్ళీ కొట్టింది. రోలరు ఇనుము ఎండకి టకటకలాడుతుంది, అదే అనుకున్నా. అదే అని చెప్పుకున్నా. డీజిలు డబ్బా అప్పుడు గుర్తొచ్చింది."

"గుర్తొచ్చి ఏం చేశావు?"

ఎక్కడో పై అంతస్తులో ఎవరో కిటికీ తీశారు. ఎండ మొదటి బ్లాకు గోడ దిగి ఆవరణలోకి వస్తోంది.

"భయమేసిందక్కా," అన్నాడు. "ఇంజను వేశాను."

మేస్త్రి చెయ్యి ఎప్పుడు లేచిందో తెలియదు, వాడి చెంప మీద పడింది. పెంచిన ఇన్నేళ్ళలో మొదటిసారి. వాడు కదల్లేదు, చెంప మీద చెయ్యి కూడా పెట్టుకోలేదు. రెండో దెబ్బకి చెయ్యి ఎత్తబోతే ఆవిడ పట్టుకుని ఆపింది.

"కొట్టకండి. నాకు వీడు స్పృహలో కావాలి. చూపించు నాకు," అంది రోలరుతో.

వెనక గోడ పక్కన చెత్తడబ్బాలు పెట్టే చోటుకి నడిచాడు వాడు. ఒకచోట ఆగి, ఇంకొక్క అడుగు వెయ్యకుండా చేత్తో చూపించాడు. అక్కడ తారు చదునుగా ఉంది. బొబ్బ లేదు, పగులు లేదు. పదకొండేళ్ళూ దాని మీద కార్లు తిరిగాయి, ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఆవిడ ఆ తారు మీద కూర్చుంది. అరచెయ్యి ఆనించింది, అప్పటికే వేడెక్కుతున్నా తియ్యలేదు.

"మిమ్మల్ని పారిపోయారని తిట్టుకున్నాను ఇప్పుడే," అంది తారుతో. "ఒక్క నిమిషం. ఒక్క నిమిషమే అనుకున్నాను."

మేస్త్రి రంపం తెచ్చాడు. స్టార్టు తీగ లాగబోతే ఆవిడ వద్దని తల ఊపింది.

"ఇది మీరు తవ్వకూడదు. ఇందాక నా కళ్ళతో చూడాలన్నాను కదా, ఇప్పుడు వాళ్ళ కళ్ళతో చూడాలి. పోట్లాడుకున్నారా అని అడిగినవాళ్ళే వచ్చి తవ్వాలి." అక్కడే కూర్చుని ఫోను తీసి నంబరు నొక్కింది. చోటు చెప్పింది, మొగుడు తప్పిపోయిన తేదీ చెప్పింది, మూత మూసి తారు పోసిన సంగతి చెప్పింది, ఒక్క తడబాటు లేదు.

రోలరు లారీ తాళాలు జేబులోంచి తీసి మేస్త్రి చేతిలో పెట్టాడు. "అక్కకి నువ్వే చెప్పు బావా. నేను చెప్పలేను," అన్నాడు. వాడు అక్క అన్నది మేస్త్రి భార్యని. ఆవిడకి తోడబుట్టినవాళ్ళు ఇంకెవరూ లేరు. పొద్దున డబ్బాలో వాడికి ఇష్టమైనదే పెట్టింది, వాడికి ఒంట్లో బాగున్నట్టు లేదు, కాస్త చూసుకోండి అని గుమ్మం దాకా వచ్చి చెప్పింది కూడా.

"మూత ఎవరు మూశారని అడుగుతున్నారు," అంది ఆవిడ. ఫోను మేస్త్రి వైపు చాచింది. "మీరే చెప్పండి మేస్త్రి గారూ. నేను చెప్తే నమ్మరు వాళ్ళు."

ఫోను అందుకున్నాడు. బురద ఎండిన వేళ్ళకి అది జారిపోతున్నట్టుంది. వాడు తలొంచుకుని నిలబడ్డాడు. పారిపోదామన్న ఆలోచన వాడిలో లేదు, బతిమాలడం కూడా లేదు.

"హలో," అన్నాడు మేస్త్రి. "పని నాదండి. మూతలు మూసెయ్యమన్నది నేనే."

అవతలివాడు రాసుకుంటున్నట్టుంది, కొంచెం ఆగాడు.

"మూయమన్నది మీరు, సరే," అన్నాడు. "మూసిన మనిషి ఎవరు?"

ఆవిడ మేస్త్రి మొహం వంకే చూస్తోంది.